ఆరేళ్ళు ఆగిన కబురు

భిలాయిలో నెహ్రూ నగర్ బజారు పక్కనున్న సైకిల్ స్టాండులో దుర్గారావు పనికి కుదిరి ఏడాది తిరిగేసరికి అతని మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. దొంగతనమని కాదు, నోటి దురుసని కాదు. స్టాండులో పెట్టిన సైకిళ్ళకు, ఎవరినీ అడక్కుండా, వెనక మడ్‌గార్డు మీద ఎర్ర రేడియం ముక్కలు అంటిస్తున్నాడని.

1993 వానాకాలంలో ఒక సాయంత్రం ఆ గొడవ కాస్త పెద్దదైంది. కొత్త సైకిలు కొనుక్కుని నాలుగు రోజులైనా కాని ఒకాయన బండి బయటికి తీస్తూ వెనక్కి తిరిగి చూసుకుని కేకలు మొదలెట్టాడు.

"కొత్త బండయ్యా ఇది! ఎవడంటించమన్నాడు నిన్ను? వంకరగా అంటించావు కూడాను!"

దుర్గారావు తల వంచుకుని నిలబడ్డాడు. నలభై అయిదేళ్ళ మనిషి. బక్కగా, పొడుగ్గా, మాసిన గడ్డంతో ఉంటాడు. "కావాలంటే పీకీండి బాబూ. ఉంచుకుంటే సీకట్లో ఎనకొచ్చీవోడికి అవుపడతారు," అన్నాడు.

"నాకు కళ్ళున్నాయి!"

"మీకున్నాయి బాబూ. ఎనకొచ్చీవోడికి కూడా ఉండాల కదేటి."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. రేడియం మాత్రం పీకలేదు. పక్కనే తన సైకిలు తాళం తీసుకుంటున్న రజనీకుమారి ఇదంతా విన్నది. మరోదాలో బళ్ళో పాఠాలు చెబుతుంది ఆ అమ్మాయి. నాన్నది విజయనగరం వైపైనా తను పుట్టింది, పెరిగింది భిలాయిలోనే. తన బండి వెనక్కి చూసుకుంది. అక్కడా ఉంది అగ్గిపెట్టెలో సగమంత ఎర్ర ముక్క.

"బాబాయ్, ఈ రేడియం ఎక్కణ్ణించి తెస్తున్నావు?"

"చరోదాలో లారీలకి నంబరు పలకలు రాసీవోళ్ళ దగ్గిర కత్తిరింపులు మిగిలిపోతాయమ్మా. అడిగితే ఇస్తారు."

"నిన్నెవరైనా చెయ్యమన్నారా?"

"నేదు."

రజనీకుమారి అతని వంక కాసేపు చూసి నవ్వింది. "ఆదివారం పొద్దున్న మరోదా చౌక్‌కి రా. మాకొక సైకిల్ మండలి ఉంది. ఉక్కు ప్లాంటుకెళ్ళే వాళ్ళ సైకిళ్ళు ఊరికే బాగుచేసి పెడతాం. నీలాంటి పాగల్ ఆద్మీ ఒకడు మాకు తక్కువగా ఉన్నాడు."

దుర్గారావు సరేననలేదు, కాదనలేదు. కాని ఆదివారం ఆరున్నరకల్లా చౌక్‌లో ఉన్నాడు.

ఆ మండలి పెద్ద మండలేమీ కాదు. అంతా కలిపి ఇరవై మంది. ప్లాంటులో ఫిట్టరుగా చేసే సత్యారావు ప్రెసిడెంటు. రాతకోతలన్నీ రజనీకుమారివి. ఒక గోనెపట్టా పరిచి, దాని మీద పానాలు, పంపు, పంచరు సామాను, నూనె డబ్బా పెట్టుకుని కూర్చునేవాళ్ళు. పొద్దుటి షిఫ్టుకి వెళ్ళి వచ్చేవాళ్ళు బ్రేకులు పట్టడం లేదనో, చైను జారుతోందనో దిగేవాళ్ళు. నెలకొకసారి ప్లాంటు గేటుకి వెళ్ళే రోడ్డు పక్కన నిలబడి, షిఫ్టు వదిలే వేళ ఎన్ని సైకిళ్ళు పోతున్నాయో లెక్కపెట్టేవాళ్ళు. ఆ లెక్కలన్నీ జతచేసి, సైకిళ్ళకు వేరే దారి వెయ్యమని రోడ్లు చూసే ఆఫీసుకి అర్జీలు పెట్టేవాళ్ళు. అప్పటికి మూడు అర్జీలు పెట్టారు. మూడింటికీ జవాబు లేదు.

దుర్గారావు మాట తక్కువ, పని ఎక్కువ. చక్రం వంకర ఒక్క చూపులో పట్టేవాడు. రేడియం ముక్కలు ఇప్పుడు వంకర పోకుండా అంటించడం నేర్చుకున్నాడు. "ఏటి బావా, ఇంజన్లు ఇప్పిన సెయ్యిలాగుందే నీది?" అని ఒకసారి సత్యారావు అడిగాడు. "లారీ తోలీవోణ్ణి ఒకప్పుడు," అని ఊరుకున్నాడు దుర్గారావు. "మానీసావేటి మరి?" అంటే, "కళ్ళు సరిగ్గా ఆనడం లేదు," అన్నాడు. కళ్ళకేమీ కాలేదని అతని భార్య గౌరీదేవికి ఒక్కర్తికే తెలుసు.

చీపురుపల్లి పక్క పల్లె నుంచి ఇరవై రెండేళ్ళ వయసులో వచ్చాడు అతను. ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో చేరి, ప్లాంటులో ఇనుము తీయగా మిగిలిన స్లాగు ఎత్తి దిబ్బల మీద పోసి వచ్చే లారీ పద్ధెనిమిదేళ్ళు తోలాడు. ఒక్క కేసు లేదు. 1989 జనవరిలో ఒక సాయంత్రం, మరోదా వైపు రోడ్డు మీద, దీపాలు పెట్టే వేళ, ఖాళీ లారీతో తిరిగొస్తున్నాడు. మంచు, పొగ కలిసి పేరుకున్న వేళ అది. ఎదురుగా వస్తున్న బండి దీపాలు కళ్ళల్లో కొట్టాయి. ఆ వెలుగు పక్కకి తప్పుకునేసరికి లారీ ముందు సైకిలు ఉంది.

చాలామంది డ్రైవర్లు అలాంటప్పుడు పారిపోతారు. జనం చేతికి చిక్కితే బతకనివ్వరని అందరికీ తెలుసు. దుర్గారావు దిగాడు. పడిపోయిన మనిషి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ మనిషికి ఇంకా ప్రాణం ఉంది. కళ్ళు తెరిచి దుర్గారావు మొహంలోకి చూసి ఒక మాట అన్నాడు. ఆ తరవాత ఇంకేమీ అనలేదు. షిఫ్టు దిగి వస్తున్నవాళ్ళు చుట్టూ మూగారు. నాలుగు దెబ్బలు పడ్డాయి. ఆ తరవాత పోలీసులు వచ్చారు. చనిపోయినతని పేరు బలరాం అని, ప్లాంటులో కాంట్రాక్టు మీద పనిచేసే ఇటుకల మేస్త్రీ అని దుర్గారావుకి స్టేషన్లోనే తెలిసింది.

కేసు మూడేళ్ళు నడిచింది. కంపెనీ పెట్టిన వకీలు దుర్గారావుని కూర్చోబెట్టి చెప్పాడు: "సైకిలుకి దీపం లేదు, వెనక రేడియం లేదు. ఆ రెండే చెప్పు. రోడ్డు సంగతి ఎత్తకు. అక్కడ తారు అంచు తెగి గుంతపడిందన్నావో, రోజూ తిరిగే రోడ్డు కదా, గుంత ఉందని తెలిసీ నెమ్మదిగా ఎందుకు పోలేదని నిన్నే పట్టుకుంటారు."

దుర్గారావు ఆ రెండే చెప్పాడు. 1992లో కేసు కొట్టేశారు. తీర్పు చదివిన రోజు బలరాం భార్య వచ్చింది. కోర్టుకి ఆమె వచ్చింది ఆ ఒక్కరోజే. వెనక బల్ల చివర, కొంగు తలమీదుగా లాక్కుని, పక్కన పిల్లతో కూర్చుంది. దీపం లేకుండా రావడం సైకిలు మనిషిదే తప్పని జడ్జి చదువుతున్నంతసేపూ ఆమె తల ఎత్తలేదు. బయటికి వచ్చాక కంపెనీ మనుషులు దుర్గారావు భుజం తట్టారు. మర్నాడు లారీ ఎక్కబోతే కాలు పైకి లేవలేదు. తాళాలు తిరిగి ఇచ్చేసి, చరోదాలో అద్దెకున్న ఇంటికి నడుచుకుంటూ వచ్చాడు. మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు.

ఈ కథంతా మండలిలో ఎవరికీ తెలియదు. చెప్పాలని అతనూ అనుకోలేదు. పని చేస్తున్నంతసేపు గుండె తేలిగ్గా ఉండేది, అంతే. అలా రెండేళ్ళు గడిచిపోయాయి.

1995 వేసవిలో మండలి ఒక కొత్త పని తలకెత్తుకుంది. టౌన్‌షిప్‌లో ఇళ్ళ వెనక తుప్పు పట్టి పడున్న పాత సైకిళ్ళు అడిగి తెచ్చి, బాగుచేసి, దూరం బళ్ళకు నడిచి వెళ్ళే ఆడపిల్లలకు ఇవ్వాలని. మే నెలంతా తిరిగితే పద్నాలుగు సైకిళ్ళు వచ్చాయి. రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఇచ్చిన లేడీస్ సైకిలు దుర్గారావు వంతుకి వచ్చింది. ఎండని లెక్కచెయ్యకుండా దాని మీద రెండు ఆదివారాలు కూర్చున్నాడు. చైను మార్చాడు. బేరింగులు కడిగి గ్రీజు పెట్టాడు. గంట మోగకపోతే లోపలి స్ప్రింగు ఇంకో దానిలోంచి తీసి వేశాడు. ఆఖరున పెయింటు వేసి, వెనకా ముందూ రేడియం అంటించి, దూరంగా నిలబడి చూసుకున్నాడు.

జూన్ మొదటి ఆదివారం రజనీకుమారి కాగితం చూసి ఏ బండి ఏ పిల్లకో చదివింది. "ఈ లేడీస్ బండి భాగ్యరేఖకి. తొమ్మిదో క్లాసు. నాన్న లేడు. బలరాం అని, ప్లాంటులో మేస్త్రీ. ఆ గేటు రోడ్డు మీదే లారీ కింద పోయాడంట. అమ్మ అచ్చమ్మ మరోదా బజార్లో ఇడ్లీలమ్ముతది. బాబాయ్, ఈ బండి నువ్వు చేసిందే కదా, నువ్వే వచ్చి ఇయ్యి. బహుత్ అచ్ఛా బనా హై."

దుర్గారావు చేతిలోని పానా గోనెపట్టా మీద పెట్టేశాడు. ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంటికి వచ్చేశాడు.

గౌరీదేవి అన్నం పెట్టింది. అతను కలిపి ఊరికే కూర్చున్నాడు. కారణం అడిగితే చెప్పాడు. ఆమె అన్నం గిన్నె పక్కకి జరిపింది.

"ఇప్పుడేటి సేద్దారని?" అంది.

"ఎల్లి సెప్పీవాలి. ఆ బండి నా సేతుల్లోంచి వచ్చిందని తెలీకుండా ఆ పిల్ల తొక్కకూడదు."

"సెప్తే నీ బరువు దిగుద్ది. మరి ఆవిడ బరువు? ఆరేళ్ళకి కాస్త కుదురుకునుంటాది. నువ్వెల్లి మల్లీ కెలుకుతావా?"

గౌరీదేవి ఎప్పుడూ అడగకూడని చోట అడగదు, అడగాల్సిన చోట వదలదు. ఆ మాట పట్టుకుని దుర్గారావు మూడు రోజులు తిరిగాడు. స్టాండులో సైకిళ్ళు వరసలు పెడుతూ ఆలోచించాడు. చెప్పకపోతే మోసం. చెప్తే తన గుండె తేలికపడటం కోసం ఆమెను ఏడిపించడం. పైగా ఆ బలరాం అన్న మాట ఒకటి ఉంది తన దగ్గర. అది తనది కాదు. ఆమెది. ఆ సంగతి గౌరీదేవికి కూడా తెలియదు.

నాలుగో రోజు బడి వదిలే వేళకి వెళ్ళి రజనీకుమారికి అంతా చెప్పాడు. ఆమె మైదానం వైపు తిరిగింది.

"రెండేళ్ళు మాతో కూచున్నావు బాబాయ్," అంది మెల్లగా.

"కూచున్నానమ్మా."

"నాకిప్పుడు ఏం చెప్పాలో తెలీటం లేదు." మళ్ళీ తనే అంది: "నువ్వు తిన్నగా వెళ్ళి ఆవిడ ముందు నిలబడకు. నేను వెళ్ళి అడుగుతాను. ఆమె రమ్మంటేనే రా. వద్దంటే బస్, అక్కడితో ఆపెయ్యి."

దుర్గారావుకి తన మూడు రోజుల ఆలోచనలో ఈ దారి తోచనే లేదు. అడగాల్సింది ఆమెనని.

రెండు రోజుల తరవాత అచ్చమ్మ రమ్మంది.

బేరం అయిపోయి ఇంటికి వచ్చే వేళ, మధ్యాహ్నం, రజనీకుమారితో కలిసి వెళ్ళాడు. ఒకటే గది, ముందు చిన్న వరండా. పిల్ల ఇంట్లో లేదు, కావాలనే ఎక్కడికో పంపించినట్టుంది. అచ్చమ్మ మర్నాటి పప్పు కడుగుతోంది. నలభై దాటని మనిషి, జుట్టు సగం నెరిసింది. తలెత్తి చూసింది. కూర్చోమనలేదు.

"నువ్వేనా?"

"నానేనమ్మా."

"దేనికొచ్చావు? మన్నించమనడానికా?"

"కాదమ్మా. మీ పాపకిద్దారనుకున్న బండి నాను బాగుసేసాను. ఎవుల సేతి మీదొచ్చిందో తెలీకుండా మీ గుమ్మం లోపలికి రాకూడదని."

అచ్చమ్మ గిన్నెలో నీళ్ళు వంచి, మళ్ళీ నీళ్ళు పోసి పప్పు పిసికింది. నీళ్ళు తేటపడ్డాక అడిగింది.

"నువ్వు దిగీసరికి ఆయనకి పేనం ఉందా?"

"ఉంది."

"ఏటన్నా అన్నాడా?"

ఆరేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. పోలీసులు అడగలేదు, వకీలు అడగలేదు, జడ్జి అడగలేదు.

"అన్నాడమ్మా. ఇంటికాడ ఆలీసం అవుద్దని సెప్పండి, అన్నాడు."

అచ్చమ్మ చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి.

"మల్లీ సెప్పు."

"ఇంటికాడ ఆలీసం అవుద్దని సెప్పండి. అంతే. ఇంకేటీ అన్లేదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. తడి చేతులతోనే లేచి నిలబడింది.

"ఆ రోజు దీపాలెట్టిన కాడ్నించి ఈ గుమ్మంలోనే నిలబడ్డాన్నాను. పిల్లకి జొరం. మందులట్టుకొస్తానన్నాడు. ఎంతకీ రాకపోతే తిట్టుకున్నాను. ఎక్కడో కబుర్లాడుకుంటా కూకున్నాడని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. పేనం పోతున్నోణ్ణి తిట్టుకున్నానయ్యా! ఆరేళ్ళనుంచి ఆ తిట్లే ఇనపడతన్నాయి నాకు. ఆయన నాకు కబురెట్టాడు. ఆ కబురు నువ్వట్టుకుని కూకున్నావు."

"బయమేసిందమ్మా," అన్నాడు.

"లారీ గుద్దడం నీ సేతిలో నేదేమో. నాకు తెల్దు. ఇది నీ సేతిలో ఉంది. ఒక మనిషి సేత సెప్పించినా సరిపోను." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆ బండి మాకొద్దు టీచరమ్మా. ఇంకోటేదన్నా ఉంటే ఇయ్యండి. నేకపోతే నడిసెల్తాది."

దారిలో రజనీకుమారి తన సైకిలు ఎక్కకుండా చౌక్‌దాకా పక్కనే నడిపించుకుంటూ వచ్చింది. విడిపోయేటప్పుడు, "వచ్చే ఆదివారం అందరికీ నువ్వే చెప్పాలి, నేను చెప్పను," అంది.

చెప్పాడు. గోనెపట్టా ముందు నిలబడి, దాచకుండా చెప్పాడు. కొందరు లేచి అవతలికి వెళ్ళిపోయారు. అందరికన్నా ఎక్కువ మండిపడ్డది సత్యారావు. బలరాం అతనికి దగ్గరివాడేం కాదు, మొహం తెలుసు, అంతే. కాని రెండేళ్ళు పక్కన కూర్చుని ఒకే డబ్బాలో భోంచేసిన మనిషి ఇంత కడుపులో పెట్టుకున్నాడన్నది అతను దిగమింగుకోలేకపోయాడు. "కళ్ళు ఆనడం లేదన్నావు కదా నాతోటి," అని ఒక్కటే మాట అని పానాలు సర్దుకున్నాడు. భాగ్యరేఖకు ఇవ్వాల్సిన ఇంకో సైకిలు సత్యారావే స్వయంగా బాగుచేసి పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. లేడీస్ బండి ఇంకో పిల్లకు వెళ్ళింది.

దుర్గారావు ఆదివారాలు రావడం మానేశాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. స్టాండులో సైకిళ్ళకు రేడియం అంటించడం మాత్రం మానలేదు. ఆ ఏడు దసరాలు, దీపావళి అలాగే వెళ్ళిపోయాయి.

1996 ఫిబ్రవరిలో నాలుగో అర్జీకి జవాబు వచ్చింది. రోడ్ల ఆఫీసు ఇంజనీరు స్వయంగా వచ్చి మరోదా కమ్యూనిటీ హాల్లో అందరి మాట వింటాడని. మండలివాళ్ళు లెక్కలు రాసిన అట్టలు పట్టుకెళ్ళారు. ఆ రోడ్డు మీద దెబ్బతిన్నవాళ్ళ కుటుంబాలను కూడా రమ్మన్నారు. నాలుగు కుటుంబాలు వచ్చాయి. అచ్చమ్మ, భాగ్యరేఖ రెండో వరసలో కూర్చున్నారు. సంగతి తెలిసి దుర్గారావు కూడా వెళ్ళాడు, తలుపు దగ్గర నిలబడ్డాడు. తను ఎందుకు వెళ్ళాడో తనకే సరిగ్గా తెలియదు.

షిఫ్టు వదిలిన అరగంటలో పదకొండు వందల పైచిలుకు సైకిళ్ళు ఆ రోడ్డు మీద పోతాయని రజనీకుమారి హిందీలో వివరించింది. ఇంజనీరు ఓపిగ్గానే విన్నాడు. ఆ తరవాత ఫైలు తెరిచాడు. దారి వేస్తే ప్రమాదాలు తగ్గుతాయనడానికి ఆధారం లేదన్నాడు. సైకిళ్ళవాళ్ళు దీపం పెట్టుకోరు, జాగ్రత్త పడరు, ఆ పైన రోడ్డుని తిడతారన్నాడు. ఫైల్లో కాగితం ఒకటి తీసి, 1989లో బలరాం అనే అతని కేసులో తప్పు సైకిలుదేనని కోర్టే తేల్చిందని చదివి వినిపించాడు. సభలో గుసగుసలు లేచాయి. తండ్రి పేరు వినగానే భాగ్యరేఖ తల వంచుకుంది. నాలుగేళ్ళ కిందట కోర్టు బల్ల మీద తల్లి వంచుకున్నట్టే.

దుర్గారావు తలుపు దగ్గర్నించి ముందుకి నడిచాడు.

"అది తప్పు బాబూ," అన్నాడు.

"నువ్వెవరు?" అన్నాడు ఇంజనీరు హిందీలో.

"ఆ లారీ డ్రైవర్ని."

దుర్గారావు తెలుగులోనే మాట్లాడాడు, హిందీ వచ్చినా. రజనీకుమారి లేచి అతని పక్కకి వచ్చి నిలబడి, వాక్యం వాక్యం హిందీలో చెబుతూ వచ్చింది.

"దీపం నేదు, నిజమే. కాని ఆ కాడ తారు అంచు తెగిపోయి జానెడు లోతు గుంతుంది. మట్టి మీద వచ్చీవోడు ఆ గుంత తప్పించుకోవాలంటే తారు మీదికి ఎక్కాలి. ఇంకో దారి నేదు. ఆయనా ఎక్కాడు. ఆ గుంత ఉందని నాకు తెలుసు. రోజుకి ఆరుసార్లు దాని పక్కనుంచే పోయీవోణ్ణి. తెలిసీ బండి మెల్లగా తోల్లేదు. కోర్టులో గుంత సంగతి ఎత్తొద్దన్నారు. నా పేనం మీద తీపితో నాను ఎత్తలేదు. ఆయన తప్పేటీ నేదు బాబూ. దిగి నడవడానికి ఆయనకి నేల నేదు."

ఇంజనీరు ఫైలు మూసి పక్కన పెట్టాడు. ఆ చోటు ఎక్కడో చూపించగలవా అని అడిగాడు. చూపిస్తానన్నాడు దుర్గారావు. గుంత ఇప్పటికీ ఉందా అని అడిగితే, సత్యారావు వెనకనుంచి లేచి, "హై సాబ్, ఔర్ బడా హో గయా," అన్నాడు. ఇంకా పెద్దదైందని.

రెండో వరసలో అచ్చమ్మ కూతురి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"ఇన్నావేటే? మీ నాన తప్పు నేదంట," అంది. హాల్లో అందరికీ వినపడేంత గట్టిగా అంది.

అక్కడితో వాళ్ళిద్దరూ లేచి వెళ్ళిపోయారు. దుర్గారావు వైపు చూడలేదు.

ఆ రాత్రి గౌరీదేవి భయపడింది. కేసు మళ్ళీ తిరగదోడతారేమో, కంపెనీవాళ్ళు మీదికొస్తారేమో అని. నెల రోజులు గుమ్మం చప్పుడైతే ఉలిక్కిపడేది. ఎవరూ రాలేదు. వచ్చినవాడు సత్యారావు ఒక్కడే. ఒక సాయంత్రం చరోదా వెతుక్కుంటూ వచ్చి, అరుగు మీద కూర్చుని టీ తాగి, "ఆదివారం పనెక్కువైపోతంది బావా, సెక్రాలు ఒంకర తీసీవోడు నేడు," అన్నాడు. దుర్గారావు మళ్ళీ చౌక్‌కి వెళ్ళడం మొదలుపెట్టాడు. కొందరు మామూలుగా పలకరించారు, కొందరు చివరిదాకా పలకరించలేదు. అది వాళ్ళ ఇష్టం అనుకున్నాడు. మండలి అడిగితే, చరోదా లారీల అడ్డాకి వెళ్ళి పాత సావాసగాళ్ళతో రెండు మూడుసార్లు మాట్లాడాడు. సైకిలు కనపడితే హారన్ కాదు, బ్రేకు మీద కాలెయ్యండిరా అని. విన్నవాళ్ళు విన్నారు, నవ్వినవాళ్ళు నవ్వారు.

దారి వెంటనే రాలేదు. కొలతలకు మనుషులు రావడానికి మూడు నెలలు, డబ్బు మంజూరవడానికి ఏడాది పట్టింది. మధ్యలో ఎన్నికలొకటి. చివరికి 1997 నవంబరులో, రోడ్డు పక్కన ఆరడుగుల వెడల్పున ఎర్ర మురం మట్టి దారి, రోడ్డుకీ దానికీ మధ్య మోకాలెత్తు రాళ్ళ వరస. అడిగింది రెండున్నర కిలోమీటర్లు, వేసింది ఒకటిన్నర. గేటుకి ఇవతల అర్ధాంతరంగా ఆగిపోయింది. మిగతాదాని కోసం రజనీకుమారి మర్నాడే అయిదో అర్జీ రాసింది. దాని కింద సంతకాలు సేకరించినవాళ్ళలో భాగ్యరేఖ ఉంది. అప్పటికి ఆ పిల్ల పదకొండో క్లాసుకి వచ్చింది, ఆదివారాలు చౌక్‌కి వచ్చి లెక్కలు రాసేది. దుర్గారావుని ఏ వరసా పెట్టి పిలిచేది కాదు. పానా కావాలంటే వచ్చి తీసుకునేది, పని అయ్యాక తెచ్చి అతని పక్కనే పెట్టేది.

దారి తెరిచిన ఆదివారం మండలివాళ్ళంతా సైకిళ్ళ మీద వరసగా వెళ్ళారు. దుర్గారావు వెనకపడి నడుచుకుంటూ వెళ్ళాడు. మురం ఇంకా సరిగ్గా అణగలేదు, అక్కడక్కడ కాలు కూరుకుపోతోంది. సగం దూరం వెళ్ళాక, ఎదురుగా అచ్చమ్మ ఒక్కర్తీ నడిచి వస్తోంది. ఆమె ఆగింది. అతనూ ఆగాడు.

"ఆ సోటెక్కడ?" అని అడిగింది. భర్త పడిపోయిన చోటు.

"ఇంకో యాబై అడుగులుంటాదమ్మా. మీరు దాటొచ్చీసారు."

ఆమె వెనక్కి తిరిగింది. అతను రెండడుగులు వెనకగా నడిచాడు. గుంత ఉన్న చోట ఇప్పుడు మురం పోసి చదును చేశారు, గుర్తు పట్టడానికి ఏమీ లేదు. రోడ్డుకి అవతల కరెంటు స్తంభం ఒకటే ఆనవాలు. దుర్గారావు చెయ్యి చాపి చూపించాడు. అచ్చమ్మ అక్కడ నిలబడింది. పొద్దుటి షిఫ్టువాళ్ళు పని దిగే వేళ ఇంకా కాలేదు, దారి ఖాళీగా ఉంది. రోడ్డు మీద ఒక స్లాగు లారీ వెళ్ళింది, రాళ్ళ వరసకి అవతలగా. ఆ దుమ్ము వచ్చి ఇద్దరి మీదా పడింది.

"మందుల పొట్లం ఉండాల కదా జేబులో," అంది ఆమె, అతని వైపు చూడకుండా.

"ఉందమ్మా. పోలీసులు తీసుకున్నారు."

ఆమె తల ఊపింది. మందులు కొన్నాడు, అయితే. కొంగుతో మొహం మీది దుమ్ము తుడుచుకుంది.

"ఎండెక్కిపోతంది. నడండి," అంది.